చెప్పినదానికి ఒకటి కలుపుకో

మంగళగిరి నేతవాళ్ళ వీధుల్లో ఏ తల్లినీ పిల్లలెంతమందని అడగకూడదు. అడిగినా నిజం చెప్పదు. ఉన్నది ఉన్నట్టు పైకి లెక్కపెడితే దిష్టి తగులుతుందని భయం. నలుగురుంటే ముగ్గురంటుంది, ముగ్గురుంటే ఇద్దరంటుంది. ఒక్కడే ఉంటే ‘ఏదో, దేవుడిచ్చాడు’ అని చూపు పక్కకి తిప్పేస్తుంది. కిరసనాయిలు కార్డులు రాసే గుమాస్తా వచ్చిన రోజున మాత్రం అదే తల్లి నోట అయిదుగురు పలుకుతారు. దిష్టి కూడా గుమాస్తాల జోలికి పోదు కాబోలు.

ఈ సంగతి టీకాల రత్నమ్మకు తెలిసినంత బాగా జిల్లాలో ఇంకెవరికీ తెలీదు. ఆవిడ ఆ వీధుల్లోనే పుట్టింది. పూర్తి పేరు వెంకటరత్నమ్మ. ఊరూరా తిరిగి పిల్లలకి స్ఫోటకం రాకుండా టీకాలు వెయ్యడం ఆవిడ ఉద్యోగం. యుద్ధం రోజులవి. నూలు దొరక్క సగం మగ్గాలు పస్తులుంటున్నాయి. ఆ యేడు పదేళ్ళలోపు పిల్లల్లో ఒక్కరు కూడా టీకా లేకుండా మిగలకూడదని పైనుంచి గట్టి ఉత్తరువులొచ్చాయి. ఆ ఉత్తరువులు పట్టుకొచ్చిన ఇనస్పెక్టరు వెంకటసుబ్బారావు గారు రత్నమ్మ పుస్తకం తిరగేసి తల పట్టుకున్నారు.

“ఇదేం లెక్కమ్మా? తల్లి చెప్పింది ముగ్గురని రాశావు. టీకాలు నలుగురికి వేశానని రాశావు.”

“చెప్పినదానికి ఒకటి కలుపుకోవాలండి,” అంది రత్నమ్మ.

“కలుపుకుందాం సరే. ఆ ఒకటీ ఎక్కడ దొరుకుతుంది?”

“మగ్గం గుంటలోనండి.”

ఆయన బ్రాహ్మణ వీధిలో పుట్టిన మనిషి. మగ్గం సంగతి ఆవిడే విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నేసేవాడు నేలమీద కూచుని కాళ్ళు గుంటలోకి దించుతాడు. టీకాలమ్మ వీధిలోకొచ్చిందని తెలియగానే చిన్నపిల్లని ఆ గుంటలోకి దించేస్తారు, పైన బిగించి ఉన్న చీర పడుగు నూలే కప్పులా అడ్డం ఉంటుంది. పిల్ల గుంటలో ఉంటే మనిషి కాళ్ళు ఆడించలేడు కదా, అందుకని మగ్గం చప్పుడు ఆగిపోతుంది. “నేను వీధి మొగలో ఉండగా ఏ ఇంట్లో మగ్గం ఆగిందో ఆ ఇంట్లో ఒకటి కలుపుకుంటానండి,” అంది రత్నమ్మ. వెంకటసుబ్బారావు గారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ రోజునుంచీ ఎప్పుడొచ్చినా పుస్తకం తెరుస్తూనే “మగ్గం గుంటలో చూశావా అమ్మా?” అని అడగటం ఆయనకు వేళాకోళమైంది. “చూశానండి,” అనేది ఆవిడ.

రత్నమ్మకు తొమ్మిదో ఏట పెళ్ళయింది. పదకొండో ఏట, ఒకే వారంలో, మొగుడు పిల్లాడికీ ఆవిడకీ అమ్మవారు పోసింది. అతను పోయాడు. ఈవిడ మొహంనిండా గుంటలతో మిగిలింది. మొగుణ్ణి మింగి బతికిందన్నారు అత్తవారు. పుట్టింటివాళ్ళు ఆ మాట అనలేదు గానీ అన్నవాళ్ళతో దెబ్బలాడనూ లేదు. ఇంట్లో పడుగుకి ఆసులు పోస్తూ, నూలు చుడుతూ, శుభకార్యాలప్పుడు పెరట్లో కూచుంటూ పాతికేళ్ళదాకా గడిపింది. తర్వాత ఎవరో చెప్పగా బెజవాడ వెళ్ళి, గుణదల నుంచి రోజూ ఆస్పత్రికి వచ్చే ఎలిజబెత్ అనే నర్సమ్మ దగ్గర పని నేర్చుకుంది. టీకా సూది పట్టుకోవటం, మందు చెడకుండా తడిగుడ్డ చుట్టిన కుండలో దాచటం, పిల్ల చెయ్యి బిగపట్టకుండా మాటల్లో పెట్టటం, అన్నీ ఆవిడే నేర్పింది. ఉద్యోగం వచ్చిందని తెలిసి తమ్ముడు భావనారాయణ కబురంపాడు. అన్ని కులాల ఇళ్ళూ తిరిగి అందర్నీ ముట్టుకునే మనిషి మా గడప తొక్కొద్దన్నాడు. రత్నమ్మ సరేనంది. దివిసీమ లంకల్లో పడవల మీదా, కాలవ గట్ల మీదా పదమూడేళ్ళు తిరిగింది.

పని మంచిదే. పేరే చెడ్డది. ఏ ఊరెళ్ళినా పిల్లలు ఆవిడకు పెట్టే పేరొకటే, సూదమ్మ. ఆవిడ రేకుపెట్టె ఎండకి తళుక్కుమంటే చాలు, గోళీలు వదిలేసి, గచ్చకాయలు వదిలేసి, కోళ్ళగూళ్ళలో దూరేవాళ్ళు. తల్లులూ తక్కువ తినలేదు. “ముద్ద మింగుతావా, సూదమ్మని పిలవనా?” అని ఆవిడ పేరు చెప్పి ఊళ్ళకి ఊళ్ళు పిల్లలకి అన్నాలు పెట్టుకున్నాయి. కొంగున ఎప్పుడూ పటికబెల్లం ముక్కలు కట్టుకుని తిరిగేది రత్నమ్మ, ఏడ్చే పిల్లల నోట్లో పెడదామని. ఒక్కరూ పుచ్చుకునేవాళ్ళు కారు. సాయంత్రానికి అవి చెమ్మగిల్లి కొంగుకి అంటుకునేవి. పారేయటం ఇష్టంలేక ఇంటికెళ్ళి ఆవిడే చప్పరించేది.

ఈ గోడు ఒకసారి ఎలిజబెత్‌తో చెప్పుకుంటే ఆవిడ నవ్వింది. “నిన్ను తిట్టుకుంటూ నూరేళ్ళు బతకనీ రత్నం, అంతకంటే ఏం కావాలి?” అంది. నిజమే అనుకుంది రత్నమ్మ. కానీ నిజమైన మాటలన్నీ ఆకలి తీర్చవు. ఆవిడకి పిల్లలంటే ప్రాణం. ఊళ్ళో పిల్లలందరి చేతులూ పట్టుకున్న మనిషి. తనంతట తానుగా వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్న పిల్ల ఒక్కతె లేదు.

ఆ యేడే మంగళగిరికి బదిలీ అయినప్పుడు ఆవిడ స్టేషను వెనక ఒక వసారా గది అద్దెకి తీసుకుంది. ఒక చాప, ఒక చెంబు, ఒక కంచం. ఆ ఒక్క ఇంట్లో మాత్రం ఏదీ కలుపుకోవలసిన అవసరం లేకుండా లెక్క సరిగ్గా ఉండేది.

నెల్లాళ్ళలో ఊరంతా చుట్టబెట్టింది. తమ్ముడి వీధి చివరికి అట్టేపెట్టుకుంది. ఆ వీధీ అయింది. ఆ ఇల్లొక్కటీ మిగిలింది. ఇక తప్పక ఒక పొద్దున రేకుపెట్టె పట్టుకుని బయల్దేరింది. వీధి మొగలోనే, ఇప్పుడు తమ్ముడు నేస్తున్న తండ్రి మగ్గం చప్పుడు గుర్తుపట్టింది. పోగుల్ని కొట్టి బిగించే దాని పలక కొంచెం వాలి ఉంటుంది, రెండు దెబ్బలకొకసారి కిర్రుమంటుంది. చిన్నప్పుడు ఆ కిర్రు వింటూ నిద్రపోయేది. నాలుగిళ్ళ దూరంలోకి వచ్చేసరికి ఆ చప్పుడు ఆగింది.

నన్ను చూసి ఆపాడు, అనుకుంది రత్నమ్మ. తమ్ముడు నా కోసం మగ్గం ఆపాడు.

 ఏడ్చినా చూసేవాళ్ళు లేరు గనక అక్కడే నిలబడి ఒక్క నిమిషం కళ్ళు తుడుచుకుంది. ఊళ్ళో మగ్గాలెందుకు ఆగుతాయో ఇనస్పెక్టరుకి పాఠం చెప్పిన మనిషి! తన దాకా వచ్చేసరికి ఆ పాఠం ఒక్క ముక్క గుర్తు రాలేదు. పదమూడేళ్ళు పుట్టింటివాళ్ళెవరూ పలకరించని మనిషికి మగ్గం ఆగటమే పలకరింపులా వినపడింది. ఆవిణ్ణి తప్పుపట్టడం నా వల్ల కాదు.

భావనారాయణ గడపలోకి వచ్చి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, వెన్ను వంగింది. “బాగున్నావా అక్కా?” అన్నాడు. మరదలు రాఘవమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చింది. కాపరానికొచ్చిన కొత్తలో చూసిన పిల్ల, ఇప్పుడు బుగ్గలు పీక్కుపోయి ఉంది. “రా వదినా, ఎండనపడి వచ్చావు,” అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. వదినా అన్న మాట విని ఎన్నేళ్ళయిందో రత్నమ్మ లెక్కపెట్టుకోలేకపోయింది. మగపిల్లలిద్దరూ బెదురుతూనే చేతులు చాచారు. తండ్రి పట్టుకుంటే టీకాలు వేసింది. ఇద్దరూ పటికబెల్లం పుచ్చుకుని పెరట్లోకి పరుగెత్తారు.

తర్వాత పుస్తకం తెరిచి, అందరినీ అడిగే మాటే అడిగింది. “పిల్లలెంతమందమ్మా?”

“ఇద్దరే వదినా,” అంది రాఘవమ్మ. అంటూ మొగుడి మొహం చూసింది.

ఆ చూపు వేరే ఇంట్లో అయితే రత్నమ్మకు చాలు. లేచి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, సరాసరి మగ్గం దగ్గరకి నడిచేది. ఇక్కడ చేతిలో మజ్జిగ గ్లాసుంది. ఇన్నేళ్ళకి పుట్టింటి గడప తొక్కి, వచ్చిన పూటే గుంటలు వెతుకుతానా అనిపించింది. వెతికితే మళ్ళీ టీకాలమ్మనైపోతాను, కాసేపు వదినగా ఉంటాను అనుకుంది. పెన్సిలు తడిచేసి ‘ఇద్దరు’ అని రాసింది. కింద ‘వేసినవి రెండు’ అని రాసింది. వెళ్ళేటప్పుడు భావనారాయణ వీధి మొగదాకా వచ్చి, “మళ్ళీ రా అక్కా,” అన్నాడు. ఆవిడ గదికి తిన్నగా వెళ్ళక, ఆ ఆనందానికి చోటు చాలనట్టు కొండ చుట్టూ తిరిగి వెళ్ళింది.

నెలన్నర గడిచింది. ఊళ్ళోకి స్ఫోటకం వచ్చిందని గుసగుస బయల్దేరింది. పైకెవరూ అనరు. అమ్మవారిని జబ్బంటే తల్లికి కోపం. రత్నమ్మ పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తమ్ముడి వీధిలోకి వచ్చేసరికి, వాలిన పలక చప్పుడు వినపడలేదు. మర్నాడూ వినపడలేదు. మూడోనాడు వెళ్ళింది. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి.

భావనారాయణ అరుగుమీద కూచుని ఉన్నాడు. “లోపలికి రాకక్కా. అమ్మవారొచ్చింది,” అన్నాడు.

 “అదేంట్రా! ఇద్దరికీ వేశానుగా. పొక్కులు కూడా బాగా లేచాయని బజార్లో కనపడ్డప్పుడు చెప్పావుగా. ఎవరికి? పెద్దాడికా, చిన్నాడికా?”

“పుల్లికి.”

“పుల్లెవరు?”

అతను తల తిప్పి, తలుపు సందులోంచి కనపడుతున్న మగ్గం వైపు చూశాడు. రత్నమ్మకు అప్పుడు అర్థమైంది.

మగపిల్లల తర్వాత రాఘవమ్మకు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. ఆ తర్వాత ఈ పిల్ల. మృత్యువు దీన్ని కూడా చూసి ఆశపడకుండా, పుట్టగానే తిని పారేసిన విస్తరాకుల్లో పొర్లించారు. పుల్లి విస్తళ్ళలో పొర్లిన పిల్ల గనక పుల్లమ్మ. ఇప్పుడు మూడేళ్ళు. వీధిలో అందరికీ తెలుసు. కానీ ఇన్నేళ్ళకి ఊరికి తిరిగొచ్చిన సూదమ్మకి ఆ మాట చేరవేసి పాపం కట్టుకునేదెవరు? కబుర్లు చెప్పుకోవటానికి ఆవిడ దగ్గరకి ఎవరు వస్తారు గనక?

“ఆ రోజు గుంటలో ఉందా?”

“ఉంది.”

“దాన్ని దించటానికే మగ్గం ఆపావా?”

“ఊఁ,” అన్నాడు.

ఆవిడ రేకుపెట్టె అరుగుమీద పెట్టేసింది. అమ్మవారు ఒకసారి చూసి వదిలిపెట్టిన మనిషి దగ్గరుంటే దోషం లేదంటారు పెద్దలు. రాఘవమ్మ అడ్డు చెప్పలేదు. రత్నమ్మ లోపలికి వెళ్ళి చాప పక్కన కూచుంది.

వేపాకుల మీద పడుకోబెట్టిన ఆ పిల్లకి సూదిమొన మోపేందుకు చోటు లేదు. కళ్ళు వాచి మూసుకుపోయాయి. రత్నమ్మ వేపరెమ్మతో విసురుతూ, పసుపు నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డ అద్దుతూ, పెదాల మీద చుక్క చుక్కగా నీళ్ళు వేస్తూ ఉంది. రెండోరోజు మధ్యాహ్నం పిల్ల చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆవిడ వేళ్ళు పట్టుకుంది.

“ఎవరూ?”

“అత్తనమ్మా. మీ నాన్నకి అక్కని.”

పిల్ల ఆ చుట్టరికం కాసేపు ఆలోచించింది. తర్వాత భయంభయంగా అడిగింది. “సూదమ్మ వచ్చిద్దా అత్తా?”

రత్నమ్మ గుడ్డ మళ్ళీ పసుపు నీళ్ళలో ముంచింది.  “రాదు తల్లీ. సూదమ్మ ఊరెళ్ళింది.”

“మళ్ళీ వస్తే?”

“నేనున్నాగా. రానిస్తానా?”

పిల్ల వేళ్ళు ఇంకాస్త బిగించింది. రత్నమ్మ కొంగు ముడి విప్పి, పటికబెల్లం ముక్క నీళ్ళలో నానబెట్టి, ఆ తీపి నీళ్ళు నోట్లో పోసింది. “ఇంకా,” అంది పిల్ల. పదమూడేళ్ళ ఉద్యోగంలో ఆవిడ పటికబెల్లాన్ని ఇంకా కావాలని అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

అప్పట్నుంచి పిల్ల ఆ చెయ్యి వదల్లేదు. అన్నానికి లేవాలన్నా రెండో చెయ్యి దాని చేతిలో పెట్టి మెల్లిగా తప్పించుకోవలసి వచ్చేది. ‘కళ్ళు తెరవనీ తల్లీ’ అని మొక్కుకుంది రత్నమ్మ. ‘తెరిచి, నా మొహం చూసి, కెవ్వుమని అరిచి పారిపోనీ. ఇంక జన్మలో నా చాయలకి రాకపోయినా సరే. దీన్ని బతకనీ.’ ఒక్కోసారి ఆ మొక్కు మధ్యలోనే ఇంకో ఆశ దూరేది. అసలు భయపడదేమో, అత్తా అంటుందేమో అని. ఆ ఆశకి సిగ్గుపడి మళ్ళీ మొదటినుంచీ మొక్కుకునేది.

తొమ్మిదోనాటి మధ్యాహ్నం, వీధిలో మిగిలిన మగ్గాలన్నీ ఆడుతుండగా, ఆ పట్టు సడలింది. కళ్ళు తెరుచుకోనే లేదు. అత్త మొహమెలా ఉంటుందో తెలీకుండానే పుల్లి వెళ్ళిపోయింది. రాఘవమ్మ గోడకి జారగిలబడి, “గుంటలో దాచానే నా తల్లీ, ఎవరికీ కనపడకుండా దాచానే,” అని ఏడ్చింది. రత్నమ్మని ఎవరూ ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆవిడ పెట్టె తీసుకుని గదికి వెళ్ళి, ఉన్న ఒక్క కంచం ముందు పెట్టుకుని, అన్నం వడ్డించుకోకుండానే కూచుంది.

పై నెలలో మళ్ళీ ఉత్తరువులొచ్చాయి. ఊరంతా మొదటినుంచీ లెక్క రాసుకురావాలి, వేసిన టీకాలు పట్టాయో లేదో చూడాలి, పట్టనివాళ్ళకీ మిగిలినవాళ్ళకీ వెయ్యాలి. ఈసారి తల్లులు పిల్లల్ని వాళ్ళంతట వాళ్ళే ఎత్తుకుని ఎదురొచ్చారు. కొందరు చేతులు పట్టుకున్నారు. అది చూసి సంతోషించటానికి రత్నమ్మ దగ్గర ఏమీ మిగల్లేదు. వంచిన తల ఎత్తకుండా వేసుకుంటూ పోయింది.

తమ్ముడింటి ముందుకొచ్చింది. లోపల మగ్గం ఆడుతోంది. రెండు దెబ్బలకొకసారి కిర్రుమంటోంది. ఆవిడ గడప దగ్గరకి వచ్చినా ఆగలేదు. ఇంక ఆపవలసిన పని లేదు. రాఘవమ్మ మగపిల్లలిద్దర్నీ చెరో పక్కనా నిలబెట్టుకుని గుమ్మంలోకొచ్చింది. రత్నమ్మ వాళ్ళ జబ్బల మీద మచ్చలు చూసింది. బాగానే పట్టాయి. పుస్తకం తెరిచింది. అడగకుండానే రాసుకుపోదామనుకుంది. కానీ అందర్నీ అడిగి ఈమెని అడక్కపోతే అదొక మాట అన్నట్టే అవుతుందని, నేలచూపులు చూస్తూ అడిగింది. “పిల్లలెంతమందమ్మా?”

రాఘవమ్మ గొంతు తగ్గించలేదు. ఎదురింటి అరుగు మీద ఆసు పోస్తున్న ముసలమ్మ కూడా తలెత్తి చూసేటట్టు చెప్పింది.

“ముగ్గురు వదినా.”

ఉన్నప్పుడు ఇద్దరన్న మనిషి, పోయాక ముగ్గురంది. ఆ వీధిలో ఏ తల్లీ ఎప్పుడూ అలా తగ్గించకుండా పైకి చెప్పి ఎరగదు. అందరూ చెప్పినదానికి ఒకటి కలుపుకుంటూ వచ్చిన రత్నమ్మ, మొదటిసారి ఒకటి తీసెయ్యాల్సి వచ్చింది. పెన్సిలు కదల్లేదు. చివరికి తల్లి చెప్పింది చెప్పినట్టే ‘ముగ్గురు’ అని రాసింది. కింద ‘వేసినవి రెండు’ అని రాసింది. మరదలి మొహంలోకి చూడకుండా మెట్టు దిగింది.

ఆ శనివారం వెంకటసుబ్బారావు గారు గుంటూరునుంచి వచ్చి, ఆవిడ అద్దెగది ముందు కుర్చీ వేయించుకుని పుస్తకం చూశారు. ఈసారి లెక్కలు బాగున్నాయని ఆయన హుషారుగా ఉన్నారు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట వేలు పెట్టి ఆగారు.

“ఇదిగో, దొరికావు రత్నమ్మా. భావనారాయణ ఇల్లు. ముగ్గురని రాశావు, ఇద్దరికే వేశావు. మూడో పిల్లేదీ?”

 ఆయన నవ్వుతూ కళ్ళజోడు పైకి తోసుకుని, ఎప్పుడూ అడిగే మాటే అడిగారు.

“మగ్గం గుంటలో చూశావా అమ్మా?”

“చూడలేదండి,” అంది రత్నమ్మ.